కథ వుంది, ఆట ఏదీ? – వీడియో గేముల్లో నాటకీయత, ఆటగాడి కర్తృత్వం

గత పదిహేనేళ్లుగా వీడియో గేముల గురించి రాసేవాళ్ల మధ్య ఒక వివాదం నడుస్తూ వుంది. కథకు పెద్దపీట వేసే గేములు చాలా వచ్చాయి. వాటిలో తండ్రి బిడ్డను పోగొట్టుకుంటాడు. తోటివాళ్లు ఒకరినొకరు వంచించుకుంటారు. చావు, ప్రేమ, పశ్చాత్తాపం – నాటకానికి కావలసిన దినుసులన్నీ వుంటాయి. కాని ఆడేవాడు చెయ్యవలసింది మాత్రం అతి స్వల్పం. అప్పుడప్పుడూ ఒక బటన్ నొక్కాలి. తెర మీద కనిపించే మూడు నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. లేదా ఒక ఇంట్లోనో ఒక దీవి మీదో నడుచుకుంటూ పోవాలి. ‘ఇది ఆట కాదు, బటన్లు తగిలించిన సినిమా’ అని ఒక పక్షం అంటుంది. ‘ఎంతసేపూ తుపాకులు పేల్చడమేనా ఆటంటే? మనసును కదిలించేది ఆట కాకుండా పోతుందా?’ అని రెండో పక్షం అడుగుతుంది.

సాహిత్య విమర్శకు ఈ గొడవతో ఏం పని అని ఎవరైనా అనవచ్చు. పని వుంది. కథ నోటి నుంచి అచ్చుకు, అచ్చు నుంచి తెరకు వెళ్లిన ప్రతిసారీ వస్తువుకూ రూపానికీ వున్న సంబంధాన్ని మనం కొత్తగా చర్చించుకోవలసి వచ్చింది. ఇప్పుడు కథ ఆటలోకి వెళ్లింది. దానితోపాటు ఇదివరకు లేని ఒక అంశం వచ్చి చేరింది. ఇంతకాలం కథను విన్నవాడికి, చదివినవాడికి, చూసినవాడికి ‘ఇది నువ్వు చేస్తున్న పని’ అని ఎవరూ చెప్పలేదు. ఈ గేములు ఆ మాట చెబుతున్నాయి. ఆ మాట నిజమా? నిజమైతే ఎంతమేరకు? అబద్ధమైతే ఆ అబద్ధం వల్ల ఆడేవాడి చైతన్యానికి జరిగేదేమిటి? వివాదంలో రెండు పక్షాలూ ఆట ఎంత వుందని కొలుస్తున్నాయే తప్ప ఈ ప్రశ్నల దాకా రావడం లేదు.

నియమాల్లో వుండే అర్థం

మొదట మాటలు తేల్చుకోవాలి. ‘గేమ్‌ప్లే’ అనే మాట ఇప్పుడు మన కుర్రవాళ్ల నోళ్లలో కూడా వినబడుతోంది. స్థూలంగా దానికి మూడు అంగాలు. ఆటగాడు చెయ్యగలిగిన పనులు ఒకటి. ఆ పనుల వల్ల ఆటలో కలిగే ఫలితాలు రెండు. పనినీ ఫలితాన్నీ ముడివేసే నియమాలు మూడు. ఈ మూడింటి మధ్య ఆటగాడు పడే యోచన, చేసే ప్రయత్నం – ఇదే గేమ్‌ప్లే.

కంప్యూటర్ పుట్టకముందు ఆటను ఒకదాన్ని తీసుకుంటే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అరుగుల మీద, గుడి మండపాల బండల మీద గీతలు గీసుకొని మనవాళ్లు ఆడిన పులిజూదం వుంది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని చంపుతుంది. మేక పులిని చంపలేదు. కాని మేకలు ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా నిలబడితే పులికి కదిలే దారి వుండదు. ఒంటరి మేక చస్తుంది, వెనక తోడున్న మేక బతుకుతుంది. ఇక్కడ కథకుడు లేడు, సంభాషణ లేదు, కంటతడి పెట్టించే సంగీతం లేదు. అయినా ఒక అర్థం వుంది. అది నియమాల్లోనే వుంది. ఆడే పిల్లవాడు దాన్ని ఒకరు చెప్పగా వినడు. నాలుగు మేకలు పోగొట్టుకున్న తర్వాత తన ఎత్తుల్లోంచి తానే పట్టుకుంటాడు.

ఇక నాటకం సంగతి. నాటకమంటే క్రియకు అనుకరణ అన్నాడు అరిస్టాటిల్. గ్రీకులో ‘డ్రామా’ అనే మాటకు మూలం కూడా ‘చెయ్యడం’ అనే ధాతువే. అయితే నాటకంలో చేసేది పాత్ర, చూసేది ప్రేక్షకుడు. ఆటలో చేసేవాడూ చూసేవాడూ ఒక్కడే. కనుక ఈ రెంటినీ కలపబోయినవాడికి ఒక చిక్కు తప్పదు. పాత్ర చేసే పనిని నిర్ణయించేది రచయితా, ఆటగాడా? రచయితే అయితే ఆటగాడు మళ్లీ ప్రేక్షకుడి కుర్చీలోకి వెళతాడు. ఆటగాడే అయితే రచయిత కట్టుకున్న కథ కట్టు తప్పుతుంది. కథాప్రధానమైన గేములన్నీ ఈ వైరుధ్యానికి దొరికిన రకరకాల పరిష్కారాలే. కొన్ని నిజాయితీగల పరిష్కారాలు, కొన్ని కంటితుడుపువి.

మంటలతో మొదలై మంటల్లోకే వెళ్లే సినిమా

ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1967లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ చెకోస్లొవేకియా మంటపంలో ‘కినోఆటోమాట్’ అనే సినిమా ఆడింది. దర్శకుడు రాదూజ్ చించెరా. ప్రతి కుర్చీకీ ఒక ఎర్ర బటన్, ఒక పచ్చ బటన్ అమర్చారు. కీలకమైన ఘట్టం రాగానే సినిమా ఆగేది. కథానాయకుడు నోవాక్ పాత్ర వేసిన మిరోస్లావ్ హోర్నీచెక్ స్వయంగా వేదిక మీదికి వచ్చి ఇప్పుడేం చెయ్యమంటారని ప్రేక్షకులను అడిగేవాడు. ఒంటికి తువ్వాలు చుట్టుకున్న పొరుగావిడ తన ఇంటి తలుపు పడిపోయిందని వచ్చి నిలబడింది. నోవాక్ భార్య ఇంటికి వచ్చే వేళయింది. ఆవిడను లోపలికి రానివ్వాలా, వద్దా? జనం ఓట్లు వేసేవారు, ఎక్కువ ఓట్లు పడిన దారిలో కథ సాగేది.

అసలు సంగతి తెర వెనక వుంది. పక్కపక్కనే రెండు ప్రొజెక్టర్లు రెండు దారులనూ ఒకేసారి నడుపుతూ వుండేవి. గెలిచిన దారిని మాత్రం జనానికి చూపేవారు. జనం ఏది ఎంచుకున్నా తర్వాతి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి రెండు దారులూ ఒకటయ్యేవి. సినిమా మొదట్లోనే భవనం తగలబడిపోతూ కనిపిస్తుంది. ఎన్ని ఓట్లు వేసినా, ఎటు వేసినా, చివరికి ఆ మంటల దగ్గరికే చేరతాం. ఓటు చేతికిచ్చి ఫలితాన్ని చేతికివ్వని ప్రజాస్వామ్యం మీద వ్యంగ్యంగానే చించెరా దీన్ని తలపెట్టాడు. ఎంపికలోని బూటకమే అక్కడ వస్తువు. కనుక ఆ మోసం మోసం కాదు, విమర్శ.

తర్వాత వచ్చినవాళ్లు చించెరా పద్ధతిని తీసుకున్నారు, వ్యంగ్యాన్ని వదిలేశారు. 1983లో అమెరికా గేము సెంటర్లలో ‘డ్రాగన్స్ లేయర్’ దిగింది. ప్రసిద్ధ యానిమేషన్ కళాకారుడు డాన్ బ్లూత్ బొమ్మలు గీయించాడు. లేజర్ డిస్కు మీద పోసిన ఆ బొమ్మలు మిగతా గేముల చుక్కలు గీతల పక్కన నిజమైన సినిమాలా మెరిశాయి. తక్కిన గేములకు పాతిక సెంట్లయితే దీనికి యాభై. కాని ఆటగాడు చేసేదేమిటి? సరైన క్షణంలో సరైన దిక్కుకు కర్రను తొయ్యాలి, లేదా కత్తి బటన్ నొక్కాలి. నొక్కితే తర్వాతి బొమ్మ నడుస్తుంది, నొక్కకపోతే వీరుడు చస్తాడు. ఇక్కడ యోచన లేదు, నిర్ణయం లేదు. పాఠం అప్పజెప్పినట్టు వరస గుర్తుపెట్టుకోవడమే. బొమ్మ ఎంత అందంగా కదిలితే ఆటగాడు అంతగా దానికి కట్టుబడిపోయాడు. ముందే చిత్రించిన బొమ్మలో కొత్తగా జరగడానికి చోటెక్కడిది?

కొమ్మల లెక్క

ఎంపికలు ఎందుకు ఇలా ఉత్తుత్తివిగా మారతాయో తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. కథలో ప్రతి మలుపులోనూ రెండేసి దారులుండి, అవి మళ్లీ ఎన్నడూ కలవకపోతే, 10 మలుపులకు 1,024 ముగింపులవుతాయి. 20 మలుపులకు పది లక్షలు దాటుతాయి. ప్రతి దారికీ సంభాషణ రాయాలి, నటులు గొంతివ్వాలి, బొమ్మలు కదిలించాలి. ఒకసారి ఆడినవాడు అందులో ఒక్క దారినే చూస్తాడు, మిగతా శ్రమంతా అతనికి కనబడకుండా పోతుంది. చూడని సీను మీద డబ్బు పెట్టడం పెట్టుబడికి నచ్చదు. అందుచేత చించెరా చేసినట్టే దారులను విడదీసి, కొంతదూరం నడిపి, మళ్లీ ఒకే ఇరుకు సందులోంచి పంపడం రివాజయింది. ఏటిపాయలు లంకకు అటూ ఇటూ చీలి మళ్లీ కలిసినట్టు కథ చీలుతుంది, కలుస్తుంది.

ఒక విషయం గమనించాలి. సంఖ్యలో కథ కంటే ఆట ఎప్పుడూ సమృద్ధమైనది. పులిజూదంలో ఎవరూ ముందుగా రాసిపెట్టకుండానే ఎత్తుల వరసలు లెక్కకు మించి పుడతాయి, ఎందుకంటే వాటిని నియమం పుట్టిస్తుంది. కథాఘట్టం అలా పుట్టదు, దాన్ని ఒక మనిషి కూర్చుని రాయాలి. నాటకీయత పెరిగేకొద్దీ ఆట తగ్గడానికి తయారీదారుల బద్ధకం కారణం కాదు. ఈ భేదమే మూలకారణం.

గుర్తుపెట్టుకునే పిల్ల

ఈ తరహాలో అందరికంటే పేరు తెచ్చుకున్నది ‘ది వాకింగ్ డెడ్’. కాలిఫోర్నియాలోని టెల్‌టేల్ గేమ్స్ సంస్థ 2012 ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా అయిదు భాగాలుగా దీన్ని విడుదల చేసింది. శవాలు లేచి మనుషులను పీక్కుతినే లోకం. లీ ఎవరెట్ అనే నల్లజాతి అధ్యాపకుడిని హత్యానేరం మీద జైలుకు తీసుకుపోతుండగా దారిలో కారు బోల్తాపడుతుంది. అతనికి క్లెమెంటైన్ అనే ఎనిమిదేళ్ల పిల్ల తారసపడుతుంది. తల్లిదండ్రులు ఊళ్లో లేరు. ఆ పిల్లను బతికించుకోవడమే కథ. ఆటగాడు ముఖ్యంగా చేసేది జవాబులు ఎంచుకోవడం. గడువు తరుగుతూ వుంటుంది, ఏమీ అనకపోతే మౌనం కూడా జవాబే. కొన్ని జవాబుల తర్వాత ఫలానావాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటారని తెర మూల ఒక హెచ్చరిక వస్తుంది.

మొదటి భాగం చివర శవాలు మీదపడినప్పుడు డగ్, కార్లీ అనే ఇద్దరిలో ఒకరినే కాపాడగలం. ఆటగాడు నలిగిపోయి ఒకరిని ఎంచుకుంటాడు. మూడో భాగంలో ఆ మిగిలినవారిని, డగ్ అయినా కార్లీ అయినా, లిల్లీ అనే ఆమె తుపాకితో కాల్చేస్తుంది. లీని శవం కరిచే ఘట్టం ఎవరు ఎలా ఆడినా వస్తుంది. ఎవరు ఎలా ఆడినా అతను చనిపోతాడు. అయినా ప్రతి భాగం మొదట్లోనూ మీ ఎంపికలను బట్టే కథ రూపొందుతుందని ప్రకటన వుంటుంది.

ఇక్కడ విమర్శకుడు తొందరపడకూడదు. ఈ గేమును ఆడి లక్షలమంది కన్నీళ్లు పెట్టుకున్నది ఊరికే కాదు. కథాగమనం మీద ఆటగాడికి అధికారం లేకపోయినా మరొకదాని మీద వుంది. ఒక పసిపిల్ల చూస్తూండగా తానెలాంటి మనిషిగా నిలబడాలి? ఆకలిగా వున్నప్పుడు పరాయివాడి బండిలో తిండి దొరికితే తీసుకోవాలా? అబద్ధం చెప్పాలా? చివరి భాగంలో ఆ బండి సొంతదారుడే లీని కూర్చోబెట్టి అతను చేసిన పనులన్నీ ఏకరువు పెట్టి సంజాయిషీ అడుగుతాడు. ఎంపికలు సంఘటనలను మార్చలేదు, సాక్ష్యంగా మిగిలాయి.

మన బుర్రకథలో వంతలతో దీన్ని పోల్చవచ్చు. వంత ‘తందాన’ అనకపోతే కథ నడవదు. హాస్య వంత నవ్విస్తాడు, రాజకీయ వంత నిలదీస్తాడు, వ్యాఖ్యానిస్తాడు. ఇద్దరూ కథలో భాగస్వాములే. కాని అల్లూరి కథలో వంతలు ఎంత గొంతెత్తినా గుండు ఆగదు. దానివల్ల వంతలకు చిన్నతనమేమీ లేదు, ఎందుకంటే ఈ కథ నీ చేతిలో వుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ‘ది వాకింగ్ డెడ్’ ఆటగాడిది వంత పాత్రే. అది గౌరవమైన పాత్రే. అతన్ని కథకుడని నమ్మించడంలోనే తప్పు వుంది.

ఈ తప్పు పైకి కనిపించేంత చిన్నది కాదు. అధికారం ఇవ్వకుండా బాధ్యతను మాత్రం మోపడం బయటి ప్రపంచంలో మనం రోజూ చూస్తున్నదే. కౌలురైతు పంట పోయినప్పుడు ‘ఆ విత్తనం ఎంచుకున్నది నువ్వే, ఆ అప్పు తెచ్చుకున్నది నువ్వే’ అంటారు. అతని ముందున్న దారులన్నీ ఒకే వడ్డీవ్యాపారి గుమ్మానికి చేరతాయన్న సంగతి ఎవరూ ఎత్తరు. దారులను ఎవరు వేశారన్న ప్రశ్న మాయమై, నడిచినవాడి తప్పు మిగులుతుంది. ఏ దారిలో పోయినా అదే ఫలితం వచ్చే ఆటలో ‘ఇది నీ నిర్ణయం’ అనిపించుకుని అపరాధభావంతో బయటపడే ఆటగాడికి కూడా అదే తర్కం నూరిపోస్తున్నారు. ప్రతి భాగం చివర ఎంత శాతం మంది ఏ దారి పట్టారో అంకెలు చూపుతారు. ఎందుకు పట్టారన్న చర్చకు మాత్రం అక్కడ చోటు లేదు.

టెల్‌టేల్ సంస్థ తర్వాతి చరిత్ర కూడా చెప్పుకోదగ్గదే. ఒక గేము నెగ్గగానే అదే మూసలో సింహాసనాల కథ, బ్యాట్‌మాన్ కథ, మరెన్నో పోతపోశారు. 2018 సెప్టెంబర్ 21న సంస్థ దాదాపు 250 మందిని ఒక్కసారిగా తొలగించి 25 మందిని మాత్రం వుంచుకుంది. తొలగించినవాళ్లకు పరిహారపు జీతం ఇవ్వలేదు. ముందస్తు నోటీసు చట్టాన్ని ఉల్లంఘించారని ఉద్యోగులు కోర్టుకెక్కారు. క్లెమెంటైన్ కథ చివరి భాగాలను మరో సంస్థ, స్కైబౌండ్, పాతవాళ్లలో కొందరిని తీసుకుని 2019 మార్చి నాటికి పూర్తిచేసింది. నలుగురికీ నిర్ణయాలు రాసిచ్చిన రచయితలకు తమ పనిచోట నిర్ణయం లేదు.

చెయ్యి తాకితే మేల్కొనే జనం

పారిస్‌లోని క్వాంటిక్ డ్రీమ్ సంస్థ, దాని దర్శకుడు డేవిడ్ కేజ్ మరో దారి పట్టారు. 2010లో వచ్చిన ‘హెవీ రెయిన్’లో ఈథన్ మార్స్ అనే తండ్రి నిద్రలేచి గడ్డం గీసుకోవడం, పళ్లు తోముకోవడం కూడా ఆటగాడి చేతే చేయిస్తారు. గొప్పగా ఏమీ లేని పనులు. కాని ఒక ఘట్టముంది. ఎత్తుకుపోయిన కొడుకు ఆచూకీ తెలియాలంటే ఈథన్ అయిదు నిమిషాల్లో తన చిటికెన వేలి కొస నరుక్కోవాలి. ఏ పనిముట్టు తీసుకోవాలి, ముందు ఊపిరి కుదుటపరుచుకోవాలా, అసలు చెయ్యకుండా వెళ్లిపోవాలా అన్నది ఆటగాడిదే. చేసే పని ఒక బటన్ నొక్కడమే. అయినా ఆ బటన్ మీద వేలు వణుకుతుంది. ఇక్కడ ఆట స్వల్పమే, కాని ఆ స్వల్పంలోకి వస్తువు పూర్తిగా వచ్చి కూర్చుంది. సినిమాలో ఆ ఘట్టాన్ని చూస్తే కళ్లు మూసుకోవచ్చు, ఇక్కడ కళ్లు మూసుకున్నా చెయ్యి తనదే.

అదే సంస్థ 2018లో ‘డిట్రాయిట్: బికమ్ హ్యూమన్’ తెచ్చింది. 2038లో మనుషులకు ఊడిగం చేసే మరమనుషుల తిరుగుబాటు దీని ఇతివృత్తం. కొమ్మల విషయంలో ఈ గేము మోసం చెయ్యదు. దారులు నిజంగానే చీలుతాయి, ప్రతి అధ్యాయం చివర ఆ కొమ్మల పటాన్ని ఆటగాడి ముందు పరుస్తారు. కాని తిరుగుబాటు ఎలా జరుగుతుంది? మార్కస్ అనే నాయకుడు చేత్తో తాకితే, తర్వాత్తర్వాత చెయ్యి వూపితే, బానిసలు మేల్కొని అతని వెనక నడుస్తారు. శాంతియుతంగా పోవాలా, హింసకు దిగాలా అన్నది అతను ఒక్కడే, అంటే ఆటగాడు ఒక్కడే, తేల్చేస్తాడు. ప్రజాభిప్రాయం ఎంత పెరిగింది, ఎంత తరిగింది అని తెర మీద ఒక సూచిక చూపుతుంది.

కథలో విప్లవం వుంది, ఆటలో లేదు. ఆటలో వున్నది ఒక నాయకుడు, కదిలే గుంపు, ఒక సూచిక. ఒక మనిషిని ఒప్పించడం, వాడి భయాన్ని అర్థంచేసుకోవడం, పదిమంది కలిసి ఒక మాట మీద నిలబడడం – ఉద్యమంలో అసలు కష్టమంతా ఎక్కడుందో అక్కడ ఆటగాడికి పని లేదు. పాత్రల నోట సమష్టి గురించి ఎన్ని మాటలు పలికించినా, నియమాలు మాత్రం ‘జనం పదార్థం, వీరుడు కర్త’ అనే చెబుతున్నాయి. అరుగు మీది పులిజూదం మాట లేకుండా చెప్పిన సంగతిని, కోట్ల ఖర్చుతో తీసిన గేము చెప్పలేకపోయింది. వస్తువు ఒకటి చెబుతూ రూపం దానికి వ్యతిరేకం చెబితే చివరికి గెలిచేది రూపమే.

ఖాళీ ఇల్లు

ఇంతకంటే ఆట తక్కువున్న గేములున్నాయి. 2012లో విడిగా విడుదలైన ‘డియర్ ఎస్తర్’లో స్కాట్లండ్ పడమటి దీవుల్లో ఒకదాని మీద నడుస్తూ, ఒక గొంతు చదివే ఉత్తరాల ముక్కలను వినడం తప్ప చేసేదేమీ లేదు. ‘వాకింగ్ సిమ్యులేటర్’ – నడిపించే యంత్రం – అని ఇలాంటివాటికి వెక్కిరింపు పేరు పెట్టారు. 2013లో పోర్ట్‌లండ్‌కు చెందిన ఫుల్‌బ్రైట్ అనే చిన్న సంస్థ ‘గాన్ హోమ్’ తెచ్చింది. 1995 జూన్‌లో ఒక వానరాత్రి. ఏడాదిపాటు విదేశాల్లో తిరిగి కేటీ అనే అమ్మాయి తనవాళ్లు కొత్తగా చేరిన ఇంటికి వస్తుంది. ఇంట్లో ఎవరూ లేరు. దయ్యాల కొంపేమోనని మొదట అనిపిస్తుంది. సొరుగులు తెరిచి, ఉత్తరాలూ చీటీలూ చదువుకుంటూ పోతే చెల్లెలు సామ్ జీవితం తెలుస్తుంది. ఆమె లోనీ అనే తోటి అమ్మాయిని ప్రేమించింది. తల్లిదండ్రులు దాన్ని గుర్తించనే నిరాకరించారు. తండ్రి రచయితగా ఓడిపోయిన బాధ, తల్లి ఒంటరితనం కూడా ఆ కాగితాల్లోనే వున్నాయి.

ఇందులో పోరు లేదు, ఓటమి లేదు, ఎంపిక లేదు. కథ ముగింపు మారదు. మరి ఇది ‘ఆట లేని గేము’ కాదా? పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. కాని ఇది ఇవ్వని అధికారాన్ని ఇచ్చానని చెప్పదు. జరిగిపోయిన దాన్ని మార్చలేము, అర్థంచేసుకోగలం – ఇదే దాని వస్తువు. ఆటగాడి పని కూడా అదే. ఒక గదిలో దొరికిన చీటీని మరో గదిలో దొరికిన ఉత్తరంతో కలిపి చదవడం, ఒకే ఇంట్లో వున్నవాళ్లు ఒకరికొకరు ఎంత తెలియకుండా బతికారో గ్రహించడం. నవలా పాఠకుడు చేసే పనికి ఇది దగ్గరి చుట్టం. ఈ గేమును ఆట చాలలేదని తీసిపారేసినవాళ్లు పరిమాణాన్ని చూశారు, సంబంధాన్ని చూడలేదు.

సరిహద్దు గుమాస్తా

ఆటే కథను మొయ్యగలదా అన్న ప్రశ్నకు 2013లోనే మరో జవాబు వచ్చింది. లూకస్ పోప్ ఒక్కడే తయారుచేసిన ‘పేపర్స్, ప్లీజ్’లో ఆటగాడు అర్స్‌టొట్స్కా అనే ఊహాదేశపు సరిహద్దులో కాగితాలు తనిఖీ చేసే గుమాస్తా. కాలం 1982. పాస్‌పోర్టు మీది తేదీ, ఫొటో, ముద్ర సరిచూసి లోపలికి పంపాలి, లేదా తిప్పికొట్టాలి. సరిగా తేల్చిన తలకింతని కూలి. పొరపాట్లకు రెండు హెచ్చరికల తర్వాత జరిమానా. సాయంత్రం అయ్యాక అద్దె, తిండి, పొయ్యి, జబ్బుపడిన కుటుంబానికి మందు – ఆ కూలిలోనే సర్దాలి. రోజుకో కొత్త నిబంధన వస్తుంది.

ఒకరోజు భర్త కాగితాలు సరిగా వుంటాయి, వెనకే వచ్చిన భార్యకు ఒక పత్రం తక్కువవుతుంది. ఆమె బతిమాలుతుంది. పంపితే జరిమానా, పంపకపోతే మొగుడూ పెళ్లాం విడిపోతారు. సంభాషణ నాలుగు ముక్కలే. కన్నీటి సంగీతం లేదు. కాని ఆ క్షణానికి ఆటగాడు అప్పటికే ఆలస్యంలో వున్నాడు, ఇంట్లో కొడుకుకు జ్వరం, వరస పొడుగ్గా వుంది. ఆమె మొహం చూడకుండా ముద్ర గుద్దేస్తాడు, గుద్దిన తర్వాత తానేం చేశాడో తెలుస్తుంది. మంచివాడు క్రూరమైన యంత్రాంగంలో పళ్లచక్రంగా ఎలా మారతాడో ఈ గేము వర్ణించదు, మార్చి చూపిస్తుంది. ఇక్కడ నిర్ణయం నిజమైనదే, దాన్ని బిగించిన పరిస్థితులూ నిజమైనవే. వ్యక్తి కర్తృత్వమూ వ్యవస్థ నిర్బంధమూ ఒకే నియమావళిలో ఒదిగాయి.

అయితే దీన్నిబట్టి ఆట ఎక్కువైతే సత్యం ఎక్కువని సిద్ధాంతం చెయ్యరాదు. గురిచూసి కాల్చడంలో ఎంతో నైపుణ్యం కోరుతూ, కాల్చబడేవాడు మనిషన్న సంగతి మాత్రం తెలియనివ్వని యుద్ధపు గేములు కొల్లలు. వాటిలో గేమ్‌ప్లేకు కొదవ లేదు, అబద్ధానికీ కొదవ లేదు.

కాదన్న కుర్రవాడు

ప్రేక్షకుడికి కథ మీద నిజమైన అధికారం ఇవ్వడం అసాధ్యమేమీ కాదని రంగస్థల చరిత్ర చెబుతుంది. 1930లో బ్రెహ్ట్ ‘అవునన్నవాడు’ అనే పాఠశాల సంగీతనాటకం రాశాడు. కొండదారి ప్రయాణంలో జబ్బుపడిన కుర్రవాడు, ఆచారం ప్రకారం తనను బలివ్వడానికి ఒప్పుకుంటాడు. బెర్లిన్‌లోని కార్ల్ మార్క్స్ పాఠశాల పిల్లలతో దాన్ని చర్చకు పెడితే వాళ్లు ఆ ఒప్పుకోలును ప్రశ్నించారు. బ్రెహ్ట్ నాటకాన్ని తిరగరాశాడు, ‘కాదన్నవాడు’ అని జంట నాటకం కూడా రాశాడు. అందులో కుర్రవాడు ఆచారాన్నే తిరస్కరిస్తాడు. పిల్లలకు ఆయన ఇచ్చింది రెండు బటన్లు కాదు, ప్రశ్నను వేసిన తీరునే ప్రశ్నించే హక్కు.

1970ల దశకంలో బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్ ఇంకొక అడుగు వేసింది. అన్యాయం జరిగే ఘట్టాన్ని ఆడి, మళ్లీ మొదలుపెట్టి, చూసేవాళ్లలో ఎవరైనా లేచివచ్చి పాత్ర స్థానంలో నిలబడి మరోలా చేసి చూపమంటారు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో ఏర్పడిన జన సంస్కృతి బృందం పల్లెల్లో ఇదే పని చేస్తోంది. లేచివచ్చిన ఆమె ఏం చేస్తుందో ముందే రాసిపెట్టుకున్నవాడు ఎవడూ వుండడు. పళ్లెంలో వడ్డించిన జవాబుల్లో లేని జవాబు అక్కడ పుడుతుంది. కొమ్మలెన్ని వున్నా గేముకు ఈ శక్తి రాదు. యంత్రానికి ఇది పరిమితి. పరిమితిని ఒప్పుకోవడంలో అవమానం లేదు.

కాబట్టి ఇలాంటి గేమును అంచనా కట్టేటప్పుడు ఆట ఎంత వుందని కాక మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆటగాడి చేత చేయించే పనికీ కథ చెప్పదలచిన విషయానికీ సంబంధం వుందా? ఇస్తానన్న అధికారాన్ని నిజంగా ఇచ్చిందా, లేక బాధ్యతను మాత్రమే అంటగట్టిందా? దారులను మూసివుంచినచోట వాటిని మూసిందెవరో కనబడనిస్తుందా? ‘గాన్ హోమ్’ మొదటి రెంటికీ, ‘పేపర్స్, ప్లీజ్’ మూడింటికీ తలెత్తుకుని జవాబు చెప్పగలవు. ‘ది వాకింగ్ డెడ్’ మొదటిదానికి చెప్పి రెండోదాని దగ్గర తడబడుతుంది. ‘డిట్రాయిట్’ రెండోదానికి చెప్పి మొదటిదాని దగ్గరే పడిపోతుంది.

సెల్‌ఫోన్ చేతికొచ్చిన మన పిల్లల్లో చాలామంది నవల కంటే ముందు గేములోనే కథను కలుసుకుంటున్నారు. రేపు తెలుగులోనూ ఇలాంటి కథలు రాసేవాళ్లు వస్తారు. వాళ్లు రాసే కథ ఆడేవాణ్ణి ఏడిపించగలిగితే మంచిదే. కాని ఏడిపించడం ఒక్కటే చాలదు. తన చేతిలో ఏముందో, ఏది లేదో, లేనిదాన్ని ఎవరు లాక్కున్నారో వాడికి తెలిసేలా చెయ్యగలిగితే అప్పుడు ఆ కథకు ఆట అనే రూపం ఎందుకు అవసరమైందో రుజువవుతుంది.